మన్యం అన్నదమ్ములు: గంటందొర, మల్లుదొర

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



అన్నదమ్ముల మాట వస్తే మనకి ముందుగా గుర్తొచ్చేది రామలక్ష్మణులు. బుర్రకథలు విన్నవాళ్లకైతే బొబ్బిలి రంగారావు, ఆయన తమ్ముడు వెంగళరావు గుర్తొస్తారు. ఈవేళ నేను చెప్పబోయే అన్నదమ్ములు అంత పాతకాలం వాళ్లు కారు. మన అమ్మమ్మల, నాయనమ్మల రోజుల్లో బతికినవాళ్లే. విశాఖపట్నం మన్యంలో, ఇంగ్లీషు ప్రభుత్వంమీద, ఒకే దండులో నిలబడి పోరాడారు. అన్నగారు గాం గంటందొర, తమ్ముడు గాం మల్లుదొర. ఒకరు కొండల్లోనే నేలకొరిగారు. రెండోవారు ద్వీపాంతర శిక్ష అనుభవించి, తిరిగివచ్చి, స్వతంత్ర భారతదేశపు మొదటి లోక్‌సభలో కూర్చున్నారు.

అల్లూరి సీతారామరాజు పేరు తెలియని తెలుగు ఇల్లు లేదు. 1974లో వచ్చిన కృష్ణగారి సినిమా తర్వాత అయితే పసిపిల్లలు కూడా విల్లు పట్టుకుని వీధుల్లో తిరిగారు. అయితే ఒక్క సంగతి ఆలోచించండి. మైదాన ప్రాంతంనుంచి వెళ్లిన ఒక యువకుడు, ఎవరి అండా లేకుండా, ముక్కూ మొహం తెలియని కొండల్లో దాదాపు రెండేళ్లపాటు తెల్లవాళ్ల సైన్యాన్ని తిప్పలు పెట్టగలడా? ఆ దారులు చూపించినవాళ్లూ, ఊరూరా మనుషుల్ని కూడగట్టినవాళ్లూ, కడుపుకింత పెట్టినవాళ్లూ కొండవాళ్లే. వాళ్లలో మొదటి వరసలో ఉన్నవాళ్లు ఈ గాం సోదరులు.

ముందుగా ఆ పేర్లలోని 'దొర' సంగతి చెప్పుకుందాం. మనకి దొర అంటే టోపీ పెట్టుకున్న ఇంగ్లీషువాడే కళ్లకి కడతాడు. మన్యంలో అలా కాదు. అక్కడ దొర అంటే ఊరికి పెద్ద, నలుగురూ మర్యాదగా చూసుకునే మనిషి. అంటే ఈ కథలో దొరలు రెండు రకాలన్నమాట: కొండ ఎక్కి వచ్చిన దొరలు, కొండలో పుట్టిన దొరలు. వాళ్లకీ వీళ్లకీ జరిగినదే ఈ యుద్ధం.

ఇంకో మాట 'ముఠా'. ఇప్పుడు ముఠా అంటే దొంగల గుంపు అనే అర్థంలో వాడుతున్నాం. గూడెం, రంప కొండల్లో ముఠా అంటే కొన్ని గ్రామాల సముదాయం. దానిమీద పెత్తనం చేసేవాడు ముఠాదారు. ఊళ్లనుంచి శిస్తు వసూలుచేసి, ప్రభుత్వానికి కట్టవలసింది కట్టి, తగవులు తీర్చి, మంచీ చెడ్డా చూసుకోవడం ఆయన పని. తండ్రి తర్వాత కొడుకుకి వస్తుంది కాని, పూర్తిగా సొంతం కాదు. సర్కారుకి కోపం వస్తే తీసిపారెయ్యవచ్చు. అలాగే గ్రామానికి మునసబు. గంటందొర బట్టిపనుకుల గ్రామానికి మునసబు. ఇప్పుడా ఊరు కొయ్యూరు మండలంలో ఉంది.

మరి అంత గౌరవంగా బతుకుతున్న కుటుంబం తుపాకీ ఎందుకు పట్టింది? ఇది తెలియాలంటే కొండవాళ్ల వంటింట్లోకి ఒకసారి తొంగిచూడాలి.

కొండవాళ్ల వ్యవసాయం పోడు. ఏటవాలుగా ఉన్న కొండ చరియమీద చెట్టూ చేమా కొట్టి, ఎండనిచ్చి, వానలకి ముందు తగలబెడతారు. ఆ బూడిదే ఎరువు. అందులో సామలు, చోళ్లు, కందులు కలిపి చల్లుతారు. రెండు మూడేళ్లు పండాక ఆ నేలని వదిలేసి ఇంకోచోటికి వెళతారు. వదిలిన చోట మళ్లీ అడవి మొలుస్తుంది. పంటకి తోడు అడవిలో దొరికే చింతపండు, తేనె, సీకాయ, అడ్డాకులు. మనం పెళ్లిళ్లలో విస్తరి వేసుకున్నా, తలంటికి సీకాయ నానబెట్టుకున్నా, అవి ఏ కొండనుంచి దిగివచ్చాయో అడగం. అవి ఏరి, మూటలు కట్టి, సంతకి మోసుకొచ్చినవాళ్లలో సగంమంది మనవంటి ఆడవాళ్లే.

1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చింది. దాంతో అడవిని సర్కారు తన అడవి అన్నది. ఇక్కడ పోడు కొట్టకూడదు, అక్కడ పశువుల్ని మేపకూడదు, కట్టె కొట్టాలంటే అనుమతి కావాలి అన్నారు. నిన్నటిదాకా పెరడులా తిరిగిన చోట ఇవాళ అడుగు పెడితే నేరం. మన వంటింటికి ఎవరో వచ్చి తాళం వేసి, 'అడిగి తీసుకో' అంటే మనకెలా ఉంటుంది? అంతకుముందే 1879లో రంప ప్రాంతంలో పెద్ద తిరుగుబాటు జరిగింది. దానికి ఒక ముఖ్య కారణం కల్లుమీద వేసిన చిగురుపన్ను. తమ చెట్టుకల్లు తాము దింపుకోవడానికి కూడా పన్ను కట్టాలన్నారు. ఇటువంటి తిరుగుబాట్లనే సర్కారు కాగితాల్లో 'ఫితూరీ' అని రాసుకున్నారు. పేరుకి అల్లరి, గొడవ అన్నట్టుగా ఉంటుంది. వాళ్లకది గొడవ, కొండవాళ్లకది బతుకు.

ఇక అసలు సంగతికి వద్దాం. 1920 ప్రాంతాల్లో గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తాసీల్దారు ఉండేవాడు. నర్సీపట్నంనుంచి లంబసింగి వైపు కొండమీదకి రోడ్డు వేయించే పని అతని చేతిలో పడింది. కొండవాళ్లని బలవంతంగా పనిలోకి దింపడం, కూలి సరిగ్గా ఇవ్వకపోవడం, ఎదురు మాట్లాడితే కొరడాలతో కొట్టించడం అతని పద్ధతి. గంటందొర ఊరికి పెద్ద గనక అతనికి అడ్డు తగిలారు. తగువు ముదిరింది. గంటందొరకి మునసబు పదవీ పోయింది, పొలమూ పోయింది.

ఆస్తి ఉన్నచోట అన్నదమ్ములు విడిపోవడం మనం రోజూ చూస్తున్నాం. గట్టు దగ్గర, గోడ దగ్గర, చివరికి అమ్మ నగల దగ్గర తగువులే. ఇక్కడ ఆస్తి పోయినచోట అన్నదమ్ములు ఒక్కటయ్యారు. అన్నకి జరిగిన అవమానం తనది కాదని మల్లుదొర అనుకోలేదు.

అప్పటికే సీతారామరాజు ఆ కొండల్లో ఉన్నారు. 1917లో కృష్ణదేవిపేట వచ్చారు. వైద్యం చేస్తూ, కల్లు మానండి, తగవులు మీ పంచాయతీల్లోనే తీర్చుకోండి అని చెబుతూ కొండవాళ్లకి దగ్గరయ్యారు. 1922 ఫిబ్రవరిలో గాంధీగారు సహాయనిరాకరణ ఉద్యమాన్ని నిలిపివేశారు. కొండల్లో మాత్రం కష్టాలు నిలిచిపోలేదు. గాంధీగారి ఖద్దరూ, మద్యనిషేధమూ రాజుకి ఇష్టమే. కాని ఈ సర్కారు మంచిమాటతో కదలదని ఆయనకి తోచింది. అటు మనసునిండా దేశం ఉన్న రాజు, ఇటు ఊరిబాధ ఒంటిమీద ఉన్న గాం సోదరులు. వీళ్లు కలవడంతో పొయ్యిలో కట్టెలకి నిప్పు తగిలినట్టయింది. వీరయ్యదొర, ఎండు పడాలు, గోకిరి ఎర్రేసు, అగ్గిరాజు వంటివాళ్లూ ఈ దండులో ముఖ్యులే.

యుద్ధానికి తుపాకులు కావాలి. అవి కొనడానికి డబ్బు లేదు. అవి ఎక్కడున్నాయంటే పోలీసు స్టేషన్లలో ఉన్నాయి. 1922 ఆగస్టు 22న సుమారు 300 మంది చింతపల్లి స్టేషనుమీద పడ్డారు. మర్నాడు 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. చింతపల్లిలో 11, కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8, మొత్తం 26 తుపాకులు, వాటికి కావలసిన తూటాలు చేతికి వచ్చాయి. విశేషం ఏమిటంటే, ఏమేమి తీసుకువెళుతున్నారో స్టేషను రిజిస్టరులో రాసి రాజు సంతకం పెట్టేవారు. దొంగతనం కాదు, యుద్ధం అని చెప్పడానికన్నమాట. రాజవొమ్మంగి స్టేషనులో బందీగా ఉన్న వీరయ్యదొరని కూడా విడిపించారు.

అదే ఏడు సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో పెద్ద దెబ్బ తగిలింది. సన్నని కనుమదారి, రెండువైపులా పొదలు. దండు పొంచి ఉంది. ముందుగా నడిచిన మనదేశపు పోలీసుల్ని పోనిచ్చారు. వెనక వస్తున్న తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లని కాల్చి చంపారు. వాళ్ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. మనవాళ్లమీద తుపాకి ఎత్తకూడదన్నది ఆ దండు పెట్టుకున్న నియమం. యుద్ధంలో నియమం పెట్టుకోవడం తేలిక, నిలబెట్టుకోవడమే కష్టం. ఎదురుగా తుపాకితో వచ్చేవాడు కూడా జీతానికి వచ్చిన పేదవాడే అని గుర్తుంచుకోవడం సామాన్యం కాదు.

తరవాత సర్కారు ఊరుకుంటుందా? మలబారు స్పెషల్ పోలీసుల్ని దింపింది. ఈ దళం 1921లో, మలబారులో మాప్పిళ్ల తిరుగుబాటు వచ్చినప్పుడు పుట్టినది. చివరికి 1924లో అస్సాం రైఫిల్సువాళ్లని కూడా తీసుకొచ్చారు. వాళ్లకి కొండల్లో తిరగడం అలవాటు గనక. చూశారా, తెలుగు కొండల్లో తెలుగువాళ్లని అణచడానికి మలయాళం మనుషుల్నీ, అస్సాం దళాలనీ తేవలసివచ్చింది. పరాయిపాలన నడిచే తీరే అంత. ఒక మూలనున్న పేదవాడిని ఇంకో మూలకి పంపి, అక్కడి పేదవాడితో కొట్లాడిస్తారు.

1922 డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర జరిగిన పోరాటంలో దండుకి గట్టి నష్టం కలిగింది. మనుషులు పోయారు, తుపాకులు పోయాయి. అక్కడినుంచి ఎదురుపడి పోరాడటం తగ్గించి, కొండనుంచి కొండకి తిరుగుతూ కొనసాగించారు. రాజు తలకి వెల కట్టారు. గంటందొర, మల్లుదొరల తలలకీ వెల కట్టారు. ఆకలితో ఉన్న ఊళ్లో బహుమతి డబ్బు ఎంత పెద్ద పరీక్షో మీరే ఊహించుకోండి. అయినా అంతకాలం వాళ్లని కొండ దాచింది.

ఇక్కడ ఒక ప్రశ్న వేస్తాను. ఈ దండుకి అన్నం వండినదెవరు? తుపాకులు ఎన్నో, తూటాలు ఎన్నో సర్కారు కాగితాల్లో లెక్కలున్నాయి. ఎన్ని కుండల జావ కాచారో, ఎన్ని రాత్రులు తలుపు సగం తీసి చూశారో ఆ లెక్కలు ఎవరూ రాయలేదు. కొండవాళ్ల ఇంట్లో కొట్టూ గాదే ఉండవు. ఈ వానాకాలానికి దాచుకున్న చోళ్లే ఉంటాయి. అవి దండుకి పెడితే రేపు పిల్లలకి ఉండవు. పెడితే సర్కారుకి కోపం, పెట్టకపోతే తమ మనుషులే ఆకలితో పోతారు. కొండ దాచింది అన్నానే, ఆ కొండ అంటే ఈ ఆడవాళ్లే. యుద్ధం జరిగేది ఒక్క కనుమదారిలోనే కాదమ్మా, పొయ్యి దగ్గర కూడా జరుగుతుంది.

1923 సెప్టెంబరులో మల్లుదొర నడింపాలెంలో పట్టుబడ్డారు. అక్కడితో అన్నదమ్ముల దారులు విడిపోయాయి. తమ్ముడు జైల్లో, అన్న కొండలమీద.

1924 మే 7న సీతారామరాజు మంప దగ్గర పట్టుబడ్డారు. కొయ్యూరు దగ్గర, విచారణ అన్నది లేకుండానే, మేజర్ గూడాల్ ఆయన్ని కాల్పించాడు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. నాయకుడు పోయాడు, అగ్గిరాజు దొరికిపోయారు, తమ్ముడు సర్కారు చేతిలో ఉన్నాడు. ఇంకొకరైతే చేతులెత్తి లొంగిపోయేవారు. గంటందొర లొంగలేదు. ఒక నెలరోజులు అలాగే పోరాడి, 1924 జూన్‌లో పోలీసు తూటాలకి కొండల్లోనే నేలకొరిగారు. మొదటి స్టేషనుమీద పడ్డ నాటినుంచి లెక్కవేస్తే ఇరవైరెండు నెలలు. ఆయనతో మన్యం పోరాటం దాదాపు ముగిసింది.

మల్లుదొరకి యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడింది. అండమాను పంపారు. కొండగాలి పీల్చి పెరిగిన మనిషికి సముద్రం మధ్య నాలుగు గోడలు. అన్న పోయాడు, నాయకుడు పోయాడు, ఊరు ఏమైందో తెలియదు. ఏళ్లు గడిచాక విడుదలై సొంత కొండలకి వచ్చారు.

ఆ తరవాత జరిగినది మనం మన పిల్లలకి తప్పకుండా చెప్పవలసిన సంగతి. 1952లో మనదేశంలో మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. అప్పటికి ఆంధ్రరాష్ట్రం ఇంకా ఏర్పడలేదు, మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. ఆ రోజుల్లో కొన్ని నియోజకవర్గాలకి ఇద్దరు సభ్యులుండేవారు, ఓటరుకి రెండు ఓట్లు. విశాఖపట్నం అటువంటిదే. అక్కడినుంచి ఒకరు లంకా సుందరంగారు, రెండోవారు మన గాం మల్లుదొర. ఇద్దరూ స్వతంత్ర అభ్యర్థులుగా గెలిచారు. ఏ ప్రభుత్వం తలకి వెల కట్టి, ఖైదీ చేసి సముద్రం దాటించిందో, ఆ ప్రభుత్వమే మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయింది. ఆ ఖైదీ అదే దేశానికి చట్టాలు చేసే సభలో సభ్యుడై కూర్చున్నారు. ఆయన్ని అక్కడికి పంపినది తుపాకులు కావు, ఓట్లు. ఆ ఓట్లలో ఆడవాళ్లవీ ఉన్నాయి. మనదేశంలో ఆడవాళ్లందరికీ మగవాళ్లతో సమానంగా ఓటు దక్కిన మొదటి ఎన్నిక అదే గదా.

మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు. 'వాళ్లు దేశంకోసం పోరాడారా, తమ పొలం పోయిందని పోరాడారా?' అని. పుస్తకాలు రాసినవాళ్లు కూడా ఈ మాట అడిగారు. నాకు తోచినది చెబుతాను. దేశం అనేది ఎక్కడో ఆకాశంలో ఉండదు. ఒకరికి అది పొలం, ఒకరికి కూలి డబ్బు, ఒకరికి పిల్లల నోటి ముందు గిన్నె. తన పొలం పోయినందుకే గంటందొర కోపగించి ఉండవచ్చు. ఒక్క పొలంకోసమే అయితే ఏదో ఒకనాడు బేరం కుదిరేది. రాజు పోయాక కూడా, ఇక గెలుపు లేదని తెలిసి కూడా, నెలరోజులు నిలబడ్డ మనిషిది పొలం తగువు ఎలా అవుతుంది? మొదలు సొంతబాధ కావచ్చు. చివరికి అది అందరి బాధ అయింది. మన ఇళ్లల్లో కూడా అంతే. నీళ్లు రావడంలేదని ఒక ఇల్లాలు బిందె పట్టుకుని బయటికి వస్తే, నాలుగు రోజుల్లో అది వీధి అంతటి పోరాటమవుతుంది. బిందెకోసం వచ్చిందని ఆవిడని తక్కువ చేస్తామా?

ఇంకోమాట. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు పేరుతో జిల్లా ఏర్పడింది. చింతపల్లి, కొయ్యూరు ఆ జిల్లాలోనివే. ఆ ఏడే జూలై 4న, రాజు 125వ జయంతి ఉత్సవాల్లో, భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించారు. ఆ సభలో ప్రధానమంత్రి చేతులమీదుగా మల్లుదొర కుమారుడికి కూడా సన్మానం జరిగింది. మంచిదే. అయితే విగ్రహం ఒక్కరికే ఉంటుంది, దండు అందరిదీ. విగ్రహానికి దండ వేసేటప్పుడు ఆ వెనక నిలబడ్డవాళ్ల పేర్లు కూడా నోటికి రావాలి. అవి రావాలంటే ఎవరో ఒకరు ఇంట్లో చెప్పాలి.

పిల్లలకి అన్నం కలిపి పెట్టేటప్పుడు కథలు చెప్పే అలవాటు మనకి ఉంది. రాజుల కథలు, రాక్షసుల కథలు చెబుతాం. వాటితోపాటు ఒకనాడు ఈ ఇద్దరు అన్నదమ్ముల కథ చెప్పండి. చింతపల్లి ఎక్కడుందో పటంలో చూపించండి. పోడు అంటే ఏమిటో, ముఠాదారు అంటే ఎవరో చెప్పండి. బజారులో కొండ చింతపండు, అడవి తేనె కొనేటప్పుడు రూపాయి దగ్గర బేరమాడే ముందు ఒక్క క్షణం, అది ఏ చేతులు ఏరినదో ఆలోచించండి. ఆ చేతుల కూలి దగ్గరే గదా ఈ యుద్ధమంతా మొదలయింది.

గంటందొర, మల్లుదొర. ఈ రెండు పేర్లూ మీ ఇంట్లో ఒక్క పసివాడి నోట పలికినా, ఈ కాసేపూ నేను మాట్లాడినందుకు నాకు తృప్తి. మరి సెలవు.